మురుగు కాలువ గట్టున మూడు ప్రభుత్వాల భోజనం

కోనసీమ వెళ్ళొచ్చానని తెలిసి అనంతపురంలో ప్రతివాడూ ఒకటే అడుగుతున్నాడు: "ఎట్లుంది సార్, పచ్చగా ఉందా?" ఉంది. కళ్ళు చెదిరేంత పచ్చగా ఉంది. వాన చుక్క కోసం ఆకాశం వంక చూసి చూసి మెడలు పట్టేసిన మా జనానికి, అక్కడ నీళ్ళు ఎక్కువై ఏడుస్తున్నారంటే నమ్మకం కుదరదు. వెళ్ళేదాకా నాకూ కుదరలేదు. వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. కొబ్బరాకుల మీద వెన్నెల గురించి చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను పౌరశాస్త్రం చెప్పి రిటైరయినవాణ్ణి. కేంద్రానికి ఏ అధికారాలు, రాష్ట్రానికి ఏవి, ఇద్దరికీ ఉమ్మడిగా ఏవి అని పిల్లల చేత ఏళ్ళ తరబడి బట్టీ పట్టించాను. తొంభైల్లో రాజ్యాంగాన్ని సవరించి పంచాయతీలకు కూడా చోటిచ్చినప్పుడు, సమాఖ్య ఎలా కాలంతో పాటు మారుతుందో చూడండని క్లాసులో చేతులు ఊపుకుంటూ చెప్పాను. 2003 వేసవిలో అమలాపురంలో ఒక కాలేజీవారు ఆ ముక్కే వచ్చి చెప్పమన్నారు. రానూపోనూ ఖర్చులిస్తామన్నారు. మే నెల ఎండలో బయల్దేరాను. బుద్ధున్నవాడెవడూ బయల్దేరడు.

కొత్తపేట: తలల్లేని నాయకులు

రావులపాలెం వంతెన దాటి కొత్తపేట చేరేసరికి బస్సు టైరు పేలింది. కండక్టరు దిగి, "కంగారు పడకండి, దిగి నీడన నిలబడండి" అన్నాడు. మా వైపు కండక్టరయితే టైరు పేలింది మా బరువు వల్లేనన్నట్టు చూస్తాడు. ఇక్కడ ప్రతి మాటకీ చివర 'అండీ' తగిలిస్తారు. పీక కోసినా ఈ అండీల మధ్య నొప్పి తెలియదేమో అనిపించింది.

బొండం తాగాను, మూడు రూపాయలు. అనంతపురంలో ఎనిమిది. "ఎండాకాలం కదండీ, రేటు పెంచేమండి, ఏమీ అనుకోకండి" అని ఆ అమ్మేవాడు క్షమాపణ కూడా చెప్పాడు.

పక్కనే విగ్రహాలు పోసే షెడ్డు ఉంటే లోపలికి తొంగి చూశాను. వరసగా మొండేలు. అన్నిటికీ పంచె, లాల్చీ, పైకెత్తిన కుడిచెయ్యి, చాచిన వేలు. ఒక్కదానికీ తల లేదు.

"తలలేవండీ?" అన్నాను. నాకూ అండీ అంటుకుంది.

"తల ఆర్డర్ని బట్టండి. మొండేలు ముందే పోసి ఉంచుతామండి," అన్నాడు పనివాడు, సిమెంటు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ.

"ప్రభుత్వం మారితే?"

"తల మారుద్దండి. చెయ్యి అలాగే ఉంచుతామండి. వేలెట్టి చూపించడం ఏ పార్టీకైనా ఒకటేగదండీ."

ఎక్కడికి చూపిస్తోందా అని ఆ వేళ్ళ వెంట చూశాను. అన్నీ షెడ్డు వెనకాల ఉన్న పెంటకుప్ప వైపు చూపిస్తున్నాయి. టైరు మార్చడం అయిందని కండక్టరు కేకేస్తే వెళ్ళి బస్సెక్కాను.

అంబాజీపేట: ఒకే దేశం

అంబాజీపేటలో దిగి ఒక పూట ఉన్నాను. కొబ్బరికి రాజధాని అంటారు. ఎటు చూసినా కాయల గుట్టలు, ఎండు కొబ్బరి వాసన, దేశంలోని నంబరు ప్లేట్లన్నీ తగిలించుకున్న లారీలు. ఒక కమీషన్ వ్యాపారి తన కొట్లో ఫ్యాను కింద కూర్చోబెట్టి మర్యాద చేశాడు. మజ్జిగ ఇచ్చాడు, అందులో ఉప్పు తక్కువ. మా మజ్జిగ ముందు అది నీళ్ళకింద లెక్క.

"ధర ఎవరు కడతారు మీకు?" అని అడిగాను.

"చెట్టు మాదండి. మద్దతు ధర ఢిల్లీ వారిదండి. పన్ను హైదరాబాదు వారిదండి. అసలు ధర మాత్రం పై రాష్ట్రాల షావుకార్లు ఫోన్లో చెప్తారండి. మేం ఆయ్ అంటామండి," అన్నాడు నవ్వుతూ. ఆయ్ అంటే ఇక్కడ సరేనని.

లారీ కింద నీడలో పడుకున్న ఒక సర్దార్జీ డ్రైవరు లేచి, ఇక్కణ్ణుంచి తన ఊరు చేరేలోపు ఎన్ని గేట్లు దాటాలో, ఏ గేటు దగ్గర ఎవరి చెయ్యి తడపాలో వచ్చీరాని తెలుగులో వివరించాడు. రాష్ట్రాల మధ్య స్వేచ్ఛా వాణిజ్యం గురించి నేను పాఠం చెప్పేవాణ్ణి. అతనికి ఆ పాఠం చెప్పే ధైర్యం చాలలేదు.

అమలాపురం: పూలదండ, ఒక ప్రశ్న

ఉపన్యాసం బ్రహ్మాండంగా జరిగింది, అంటే ఎవరూ వినలేదు. వేదిక మీద కుర్చీలు కింద కుర్చీల కంటే మెత్తగా ఉన్నాయి. అధ్యక్షుడు నన్ను పరిచయం చేయడానికి తీసుకున్న సమయం నేను మాట్లాడడానికి మిగల్లేదు. అయినా మాట్లాడాను. సమాఖ్య రాయి కాదు, చెట్టు అన్నాను. కాలాన్ని బట్టి కొమ్మలు వేస్తుందన్నాను. చప్పట్లు కొట్టారు, టిఫిను వచ్చిందని తెలిసి.

అప్పుడు వెనక వరసలో ఒక ఆవిడ లేచింది. తెల్లచీర, కళ్ళజోడు, భుజాన సంచి. "నా పేరు సరళమ్మండి. టీచరుగా చేసి మానేసి, మా పంచాయతీకి సర్పంచ్‌నయ్యేనండి. మామిడికుదురు దాటేక మా ఊరండి. ఒక్క ప్రశ్నండి."

ఆ ప్రశ్న ఇది. వాళ్ళ ఊరి పల్లంలో ఒక మురుగు కాలువ ఉంది. గ్యాసు పైపు వేయడానికి వచ్చిన కంపెనీ, ఢిల్లీ వారి కంపెనీ, లారీలు దాటడానికి ఆ కాలువకు అడ్డంగా మట్టికట్ట పోసింది. పైపు పని అయిపోయింది, లారీలు వెళ్ళిపోయాయి, కట్ట ఉండిపోయింది. వేసవి కాబట్టి సాగు కాలువలు కట్టేసి ఉన్నాయి, ప్రమాదం లేదు. కానీ జూన్లో వాటికి నీళ్ళు వదులుతారు, వెనకే వానలు. పై ఊళ్ళ మురుగంతా ఆ కట్టకు తగిలి వెనక్కి తన్ని, పల్లంలో ఉన్న పేటను ముంచుతుంది. నిరుడు మోకాలి లోతు వచ్చింది. ఈసారి కట్ట ఇంకా గట్టిపడింది.

"ఆ కట్ట తియ్యాల్సింది కేంద్రమాండి, రాష్ట్రమాండి, మేమాండి?"

నేను గొంతు సవరించుకున్నాను. గ్యాసు కేంద్రానిదన్నాను. నీరు రాష్ట్రానిదన్నాను. చిన్న నీటిపారుదల పంచాయతీలకు బదలాయించదగ్గ విషయమన్నాను.

"ఆయ్. ముగ్గురిదీనండి. అందుకే ఎవరూ రావట్లేదండి," అని ఆవిడ కూర్చుంది. టిఫిను ఉప్మా. జీడిపప్పు దండిగా వేశారు. సగం అలాగే వదిలేశాను.

మామిడికుదురు దాటాక: కట్ట

మర్నాడు గోదావరి పాయ వైనతేయ దాటి ఆవిడ ఊరు వెళ్ళాను. రమ్మని ఆవిడ అనలేదు. నా అంతట నేనే వెళ్ళాను, ఒళ్ళు మండి. ఊరి పేరు రాయను, రాస్తే ఆవిడకు కొత్త తలనొప్పి.

పేటలో చిన్న చర్చి, దాని వెనక రెండు వరసల ఇళ్ళు. కూలి పనుల నుంచి చదువుల్లోకి వచ్చిన కుటుంబాలు. ఇంటికొక టీచరో నర్సో ఉన్నారు. గోడల మీద నిరుటి నీళ్ళ చార నా నడుం దాకా కనిపించింది. మోకాలి లోతని ఆవిడ మర్యాదకు తగ్గించి చెప్పినట్టుంది. కట్ట చూస్తే నవ్వొచ్చింది. నలుగురు మనుషులు ఒక పూట తవ్వితే పోయే మట్టి. దాని మీద తుమ్మ మొక్కలు మొలిచి ఉన్నాయి.

"మీరే తవ్వించెయ్యొచ్చు కదమ్మా?"

"తవ్వితే కేసు పెడతామని కంపెనీవారు కాగితం పంపేరండి. నన్నెప్పుడు దింపేద్దామా అని పైవాళ్ళు చూస్తన్నారండి. రిజర్వేషన్లో వచ్చిన సర్పంచ్‌ని కదండీ. కట్ట ముట్టుకుంటే పదవి పోద్ది, ముట్టుకోకపోతే పేట పోద్ది."

పై ఊళ్ళో వీర్రాజు గారని పెద్ద రైతు ఉన్నాడు. నీటి సంఘానికి అధ్యక్షుడు. కొన్నేళ్ళ క్రితం హైదరాబాదు ప్రభుత్వం కాలువల మీద రైతులకే పెత్తనం ఇస్తామని ఈ సంఘాలు పెట్టింది. పంచాయతీ ఉండగా మళ్ళీ ఇదెందుకని అడగకూడదు. ఢిల్లీవారు పంచాయతీకి అధికారం ఇస్తే, హైదరాబాదు ఆ అధికారానికి పక్కదారి తీసింది. కొమ్మలు వేస్తుందన్నాను కదా, ఇలా వేస్తుంది.

రాజోలు: ఎవరూ కాదనరు

ఒక రోజంతా సరళమ్మగారి వెంట ఆఫీసులు తిరిగాను. రాజోలులో మురుగు కాలువల ఇంజనీరు, "ఆయ్, చేద్దామండి. కట్ట కంపెనీ వారిది కాబట్టి వారు ఒక్క మాటంటే చాలండి," అన్నాడు. గ్యాసు కంపెనీ క్యాంపులో ఉత్తరాది కుర్ర అధికారి తలాడించి, కాలువ రాష్ట్రానిది కాబట్టి రాష్ట్రం అడగాలని ఇంగ్లీషులో అన్నాడు. వీర్రాజు గారు అరుగు మీద కూర్చోబెట్టి, తాటిముంజలు వలిపించి పెట్టి, "తప్పకుండానండి మాస్టారూ. మా సంఘం సాగు కాలువలకేనండి, మురుక్కి కాదండి. అయినా చూద్దామండి," అన్నాడు. ముంజలు మాత్రం లేతగా, అద్భుతంగా ఉన్నాయి.

మా వైపు ఆఫీసులో పని కాదంటే పోపొమ్మంటారు. తిట్టుకుంటూ ఇంటికొస్తాం. ఇక్కడ ఎవరూ కాదనరు. అందరూ ఆయ్ అంటారు. సాయంత్రానికి మన సంచీ నిండా ఆయ్‌లు ఉంటాయి, కట్ట ఉన్నచోటే ఉంటుంది. ఇంత తియ్యని చేతగానితనం నేనెక్కడా చూడలేదు.

బస్సు కోసం నిలబడి ఉండగా సరళమ్మగారు వాళ్ళ అమ్మ చెప్పిన పాత కట్టుబాటు ఒకటి చెప్పింది. ఇంజనీర్లు రాకముందు ఆ మురుగు కాలువను ఊళ్ళే చూసుకునేవి. పై ఊరి మురుగు కింద ఊరి మీదుగా పోతుంది కాబట్టి, ఏటా కాలువలు వదలబోయే ముందు పై ఊరు పారలు తేవాలి, కింద ఊరు అన్నం పెట్టాలి. గట్టు మీద తిన్నవాడు మురుగు కదిలేదాకా గట్టు విడిచి పోకూడదు.

"ఎంత బాగుందమ్మా," అన్నాను.

"ఏం బాగుందండి? అందుకే పెద్ద రైతులెవరూ గట్టు మీద తినేవారు కాదండి. ఇంటి దగ్గర తినేసి వచ్చి, గొడుగేసుకుని నిలబడేవారు. తినేదీ, తవ్వేదీ మా పేటవాళ్ళేనండి." ఆవిడ సంచి భుజానికి సర్దుకుని, "ఈసారి అందరికీ పెడదామండి," అంది.

అంతర్వేది: చేపకెవరు చెప్పారు?

భోజనం రోజు దాకా ఆగమంటే ఆగాను. మధ్యలో అంతర్వేది వెళ్ళి నరసింహస్వామిని చూసి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట నిలబడ్డాను. చెప్పుల్లో ఒకదాన్ని అల లాక్కుపోయింది. కొత్తవి నలభై రూపాయలు, రెండూ ఎడమ కాలివేనేమో అన్నట్టు కరిచాయి.

వేట నిషేధం కాలం. పడవలన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి. వల బాగుచేసుకుంటున్న ఒక మత్స్యకారుడు, "గట్టు దగ్గర సముద్రం రాష్ట్రానిదంటండి, లోపలికెళ్తే ఢిల్లీదంటండి. గీత ఎక్కడుందో మాకు తెలీదండి. చేపకైనా చెప్పేరంటారా?" అన్నాడు. వేయించిన ఎండుచేప పెట్టాడు. డబ్బిస్తే తీసుకోలేదు.

గట్టు మీద

సరళమ్మగారు ఒక్కొక్కరి దగ్గరకూ విడివిడిగా వెళ్ళి పిలిచింది. ఇంజనీరుతో కంపెనీవారు వస్తున్నారంది. కంపెనీవారితో ఇంజనీరు గారు వస్తున్నారంది. వీర్రాజు గారితో ఇద్దరూ వస్తున్నారనీ, పేపరు విలేకరి కూడా వస్తున్నాడనీ అంది. "భోజనమేనండి, పనేమీ లేదండి" అని అందరితోనూ అంది. పని లేదంటే వచ్చారు. సంఘం ఎన్నికలు దగ్గరకొస్తున్నాయి కాబట్టి వీర్రాజు గారు తన ఊరి రైతుల్ని కూడా వెంటేసుకొచ్చాడు.

కట్ట పక్కన కొబ్బరితోట నీడలో చాపలు పరిచారు. అరిటాకులు వేశారు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, చేపల పులుసు. ఆవపెట్టిన ఆ పనసపొట్టు కోసం మళ్ళీ అంత దూరం వెళ్ళొచ్చు, అది మాత్రం ఒప్పుకుంటాను. పేట ఆడవాళ్ళు వడ్డించారు. వీర్రాజు గారు ఆకు ముందు నిలబడి ఒక్క క్షణం తటపటాయించాడు. పేటలో వండిన అన్నం ఆయన ఇంటి మగవాళ్ళెవరూ తిన్నట్టు లేదు. అప్పటికే ఇంజనీరు పప్పు కలిపేస్తున్నాడు, విలేకరి కెమెరా తీశాడు. ఆయన కూర్చున్నాడు. కూర్చున్నాక రెండుసార్లు పులుసు అడిగి వేయించుకున్నాడు.

చేతులు కడుక్కునేసరికి ఆడవాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, చేతుల్లో పారలు.

"పాత కట్టుబాటొకటి ఉందండి," అంది సరళమ్మగారు. గొంతులో వినయం ఏమాత్రం తగ్గలేదు. "ఈ గట్టున తిన్నవాళ్ళు మురుగు కదిలేదాకా విడిచి పోకూడదండి. వీర్రాజు గారి తాతగారి కాలం నించీ ఉందండి."

వీర్రాజు గారు వెనక్కి తిరిగి తన రైతుల్ని చూశాడు. వాళ్ళలో ముసలివాళ్ళు, "ఆయ్, మరేనండి, కట్టుబాటేనండి," అనేశారు. ఆ ఆయ్‌ల మీద నేను కక్కిన విషమంతా ఆ ఒక్కదానికి వెనక్కి తీసుకుంటున్నాను.

ఇంజనీరు సర్వీసు రూల్సన్నాడు. వీర్రాజు గారు నడుంనొప్పన్నాడు. అంతా ఆగిపోయేదే, కానీ కంపెనీ కుర్రాడికి ఆ తెలుగు ఒక్క ముక్క అర్థం కాలేదు. శంకుస్థాపన లాంటి తంతు అనుకున్నాడు. తిన్న తిండికి సంతోషంగా ఉన్నాడు. ఆడవాళ్ళ చేతిలో పార అందుకుని, విలేకరి వైపు చూసి నవ్వి, కట్ట మీద గట్టిగా ఒక్క దెబ్బ వేశాడు.

ఢిల్లీ తవ్వింది. ఇక హైదరాబాదుకు అభ్యంతరమేమిటి? "కంపెనీ మట్టి కంపెనీయే తీస్తోంది కాబట్టి మాకు ఇబ్బంది లేదండి," అని ఇంజనీరు ప్యాంటు మడిచాడు. ఆయన దిగితే తాను ఓటర్ల ముందు గట్టున ఎలా నిలబడగలడని వీర్రాజు గారు పంచె ఎగ్గట్టాడు. నేనూ తిన్నవాణ్ణే కాబట్టి ఒక పార నాకూ వచ్చింది. పెద్దలు చెమటలు కారుస్తూ గీసిన గీత వెంట పేటవాళ్ళూ పై ఊరి రైతులూ దూకి తవ్వేశారు. ముందు నల్లటి బురద, తరవాత గుర్రపుడెక్క, ఆ వెనక నీళ్ళు. మురుగు కదిలింది. కంపు భరించరానిది. పేట ఆడవాళ్ళు ఆ కంపులో నిలబడి చప్పట్లు కొట్టారు. నా కళ్ళు చెమర్చాయి. కంపు వల్లేనని పక్కవాళ్ళతో అన్నాను, కాదు.

అనంతపురం

చేతుల బొబ్బలు మానేదాకా ఊళ్ళో అందరికీ ఈ కథ చెప్పుకుని తిరిగాను. సమాఖ్య ఎలా మారుతుందో నాకు తెలిసిపోయిందని, దానికి పెద్ద సవరణలక్కర్లేదని, పనసపొట్టు కూర చాలని నవ్వించాను.

వానలు పడ్డాక సరళమ్మగారు ఫోను చేసింది. మా ఊళ్ళో మాత్రం వాన లేదు.

"నీళ్ళు దిగిపోయేయండి మాస్టారూ. పేటలో ఒక్క ఇంట్లోకీ రాలేదండి. పిల్లలు కొత్త పుస్తకాలు నేల మీదే పెట్టుకుంటన్నారు."

"మరి అధికారులు?"

"పేపర్లో వేసేరండి. కట్ట తీయించింది మేమేనని కంపెనీవారు చెప్పుకున్నారు, మేమేనని డ్రైన్ల వారు చెప్పుకున్నారు. వీర్రాజు గారు సంఘం ఎన్నిక దాంతోనే గెలిచేరండి."

నేను నవ్వబోయాను.

"అనుమతి లేకుండా తవ్వించింది మాత్రం సర్పంచేనంటండి. నన్ను సస్పెండ్ చేసేరు."

నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. మా సీమ తిట్లు, ఆవిడ ఎప్పుడూ విని ఉండనివి. పార పట్టిన ప్రతివాడి పేరూ చెప్పి, కోర్టుకెళ్దామన్నాను. ఎవరిది ఏ అధికారమో నేనొచ్చి సాక్ష్యం చెబుతానన్నాను. ఆవిడ అంతా విన్నాక, పాఠం మధ్యలో పిల్లవాణ్ణి ఊరుకోబెట్టినట్టు నెమ్మదిగా అంది.

"అది తరవాత చూద్దాం లెండి. వచ్చే ఏడు మళ్ళీ పూడుద్దండి ఆ కాలవ. అప్పటికి ఇంజనీరు మారతాడు, కంపెనీ అబ్బాయి మారతాడు. కొత్తవాళ్ళని పిలవాలి. నాకు తెలియక అడుగుతానండి మాస్టారూ, సర్పంచ్ కానివాళ్ళు అన్నం పెట్టకూడదని ఏ చట్టంలోనైనా ఉందాండి?"

"లేదమ్మా," అన్నాను.